పాత బిల్లింగ్ ప్రోగ్రామును మోడల్ ఆధారంగా తిరిగి కట్టడం ఎలా

విశాఖపట్నం పోర్టు 1933లో ప్రారంభమైనప్పటి నుంచి దాని చుట్టూ గోదాములు, క్లియరింగ్ ఏజెంట్ల కార్యాలయాలు, లారీ రవాణా సంస్థలు పెరుగుతూ వచ్చాయి. వృత్తిరీత్యా నేను వెళ్లిన కొన్ని కార్యాలయాల్లో ఇవాళ్టికీ పాత డేటాబేస్ భాష ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రామే బిల్లులు వేస్తోంది. దాని చివరి రూపమైన విజువల్ ఫాక్స్‌ప్రోకు ఇకపై కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007లోనే ప్రకటించింది, 2015 జనవరితో మద్దతు కూడా ఆపేసింది. అయినా యజమానులు దాన్ని వదలలేకపోతున్నారంటే కారణం పిసినారితనం కాదు. వ్యాపారం నడిచే నియమాలన్నీ ఆ ప్రోగ్రాములోనే ఉన్నాయి, దాన్ని రాసినవారు ఎప్పుడో వెళ్లిపోయారు, విప్పితే ఏమి జారిపోతుందోనన్న భయం వారిది. ఆ భయం న్యాయమైనదే. అందుకే పాత కోడ్‌ను వరుస వెంబడి జావా వంటి కొత్త భాషలోకి మార్చే పద్ధతిని నేను ఎవరికీ సూచించను. అలా మార్చితే పాత ప్రోగ్రాములోని అర్థంకానితనమంతా కొత్త ప్రోగ్రాములోకి భద్రంగా చేరుతుంది, ఖర్చు మాత్రం మిగులుతుంది.

మోడల్ ఆధారిత పద్ధతిలో ముందుగా వ్యాపార నియమాలను కోడ్ నుంచి విడదీసి, ఆ పని చేసేవారు చదివి తప్పొప్పులు చెప్పగలిగే రూపంలో రాస్తాము. ఆ రాతే మోడల్. కోడ్‌లో అధిక భాగాన్ని దాని నుంచి జనరేటర్ (కోడ్ రాసిపెట్టే ప్రోగ్రాము) తయారుచేస్తుంది. ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ 2001లో ఈ ఆలోచనకు మోడల్ డ్రివెన్ ఆర్కిటెక్చర్ అని పేరు పెట్టి, మోడళ్లను మూడు అంతస్తులుగా వివరించింది. మొదటిది కంప్యూటర్ ప్రస్తావనే లేకుండా వ్యాపారాన్ని చెప్పేది, రెండవది వ్యవస్థ ఏమి చేయాలో ఏ ప్లాట్‌ఫామ్‌కూ కట్టుబడకుండా చెప్పేది, మూడవది ఎంచుకున్న డేటాబేస్‌కు, భాషకు తగినట్టు మలిచినది. చిన్న వ్యవస్థకు ఈ మూడింటినీ విడివిడిగా రాయనవసరం లేదు. నేను మొదటి రెండింటినీ కలిపి ఒకటిగా రాసి, మూడవదాన్ని జనరేటర్‌కే వదిలేస్తాను.

ఒక మాట ముందే చెప్పాలి. మీ ప్రోగ్రాములో నియమాలు పదిపదిహేనుకు మించకుండా, అవి ఏళ్ల తరబడి మారకుండా ఉంటే ఈ పద్ధతి మీకు అవసరం లేదు. జనరేటర్ రాయడానికి పట్టే కాలంలో మామూలుగానే ప్రోగ్రాము పూర్తవుతుంది. రేట్లు తరచుగా మారే చోట, పార్టీకో (ఖాతాదారుకో) ఒప్పందం ఉండే చోట, ఒకే నియమం అయిదారు ఫైళ్లలో చెల్లాచెదురైన చోట మాత్రమే దీని విలువ తెలుస్తుంది.

పని మొదలుపెట్టేటప్పుడు మొత్తం వ్యవస్థను ముందు వేసుకోవద్దు, ఒక బిల్లును ఎంచుకోండి. గోదాముల వ్యాపారంలో నేను ఎప్పుడూ నిల్వ అద్దె బిల్లుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తేదీలు, బరువులు, రేట్లు, పన్ను, పార్టీలకు ఇచ్చిన రాయితీలు అన్నీ అందులోనే కలుస్తాయి.

పాత కోడ్ నుంచి నియమాలను తీయడం

మొత్తం శ్రమలో సగం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో ఉండే లక్షల వరుసల కోబాల్ (పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష) వ్యవస్థల కోసం పాత కోడ్‌ను చదివి దాని నిర్మాణాన్నే ఒక మోడల్‌గా చూపే సాధనాలు ఉన్నాయి. ఆ మోడల్‌కు నాలెడ్జ్ డిస్కవరీ మెటామోడల్ అనే ప్రమాణం ఉంది, దాన్ని 2012లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కూడా స్వీకరించింది. ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముకు అంత అవసరం రాదు. ప్రోగ్రాము ఫైళ్లను ముద్రించుకొని, ప్రతి షరతుకూ ఒక కాగితం చొప్పున రాసుకుంటే చాలు. అది ఏ ఫైలులో ఏ వరుసలో ఉంది, ఏమి చేస్తోంది, ఎందుకు చేస్తోంది, ఆ కారణాన్ని ఎవరు చెప్పారు అనే నాలుగు విషయాలు ప్రతి కాగితం మీదా ఉండాలి. మూడవ, నాల్గవ గడులు ఖాళీగా ఉన్న ఏ నియమాన్నీ మోడల్‌లోకి తీసుకోవద్దు.

ఒక గోదాము ప్రోగ్రాములో పార్టీ నంబరు 117 అయితే సరుకు వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోకూడదన్న షరతు కనిపించింది. మా బృందంలో కొందరు దాన్ని ఎవరో వదిలేసిన పొరపాటుగా భావించి తీసేద్దామన్నారు. రెండు దశాబ్దాలకు పైగా అక్కడ బిల్లులు చూస్తున్న పెద్ద గుమాస్తా గారిని అడిగితే, "ఆ పార్టీ లారీలు రాత్రి పది దాటాకే గేటు దగ్గరికి వచ్చేవి బాబూ. రెండు గంటల కోసం ఒక రోజు అద్దె ఎలా వేస్తామని పెద్దాయన వద్దన్నారు" అన్నారు. అంటే అసలు నియమం పార్టీకి సంబంధించినది కానే కాదు, గేటు ప్రవేశ సమయానికి సంబంధించినది. అయితే అది ఇకపై రాత్రి వచ్చే అందరికీ వర్తించాలా, ఆ ఒక్క పార్టీకేనా అన్నది ప్రోగ్రామర్ తేల్చవలసిన విషయం కాదు. యజమాని ముందు పెట్టాము. రాత్రి 9 దాటి వచ్చిన ఏ సరుకుకైనా మరుసటి రోజు నుంచే లెక్క అని ఆయన నిర్ణయించారు. ఇలాంటి ప్రశ్నలు బయటపడడమే ఈ పద్ధతి వల్ల కలిగే అతి పెద్ద లాభమని నా నమ్మకం.

మోడల్ రాయడం

సరుకు, లాట్, పార్టీ, ఒప్పందం వంటి వాటి మధ్య సంబంధాలకు యూఎంఎల్ (వ్యవస్థ నిర్మాణాన్ని గీసే ప్రామాణిక పద్ధతి) క్లాస్ చిత్రం సరిపోతుంది. గేటు ప్రవేశం నుంచి సరుకు విడుదల దాకా పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళుతుందో చూపడానికి బీపీఎంఎన్ (పని నడిచే క్రమాన్ని గీసే ప్రామాణిక పద్ధతి) చిత్రం గీయవచ్చు. లెక్కల నియమాలను మాత్రం చిత్రాల్లో ఇరికించవద్దు. వాటిని పట్టికలుగానో, చిన్న వాక్యాలుగానో రాయాలి. ఎక్స్‌టెక్స్ట్, జెట్‌బ్రెయిన్స్ ఎంపీఎస్ వంటి సాధనాలతో మీ వ్యాపారానికి తగిన చిన్న భాషను మీరే తయారుచేసుకోవచ్చు. మేము రాసుకున్న రూపం సుమారుగా ఇలా ఉంటుంది.

నిల్వ అద్దె: మామూలు సరుకు
అమలు: 2024 ఏప్రిల్ 1 నుంచి
లెక్క మొదలు: ప్రవేశం రాత్రి 9 లోపు అయితే అదే రోజు, దాటితే మరుసటి రోజు
ఉచిత రోజులు: 7
రేటు: టన్నుకు, వారానికి 60 రూపాయలు
వారంలో కొన్ని రోజులే అయినా: పూర్తి వారం
విడుదల రోజు: లెక్కలోకి వస్తుంది

ప్రతి నియమం పక్కనా కనీసం ఒక లెక్క చేసి పెట్టండి. 20 టన్నుల సరుకు 3వ తేదీ రాత్రి 10 గంటలకు వచ్చి 17వ తేదీన విడుదలైందనుకుందాం. లెక్క 4వ తేదీన మొదలై, 10వ తేదీతో ఉచిత రోజులు ముగుస్తాయి. 11 నుంచి 17 వరకు 7 రోజులు, అంటే ఒక వారం, అద్దె 1,200 రూపాయలు. వచ్చిన రోజునే లెక్క మొదలుపెడితే ఉచిత రోజులు 9వ తేదీతో ముగిసి, 8 రోజులు మిగిలి, రెండు వారాలకు 2,400 రూపాయలు అవుతుంది. గేటు దగ్గర ఒక గంట తేడాతో బిల్లు రెట్టింపవుతోందన్న సంగతి ఈ లెక్క చూశాకే చాలామందికి అర్థమవుతుంది. ఇవే లెక్కలు తరువాత పరీక్షలుగా పనికివస్తాయి.

అమలు తేదీ లేని రేటు మోడల్‌లో ఒక్కటి కూడా ఉండకూడదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సెస్సులతో కలిపి 15 శాతం ఉన్న సేవా పన్ను స్థానంలో నిల్వ సేవలకు 18 శాతం వచ్చింది. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వకు మినహాయింపు ఉంది కనుక పన్ను నియమం సరుకు రకాన్ని కూడా చూడాలి. రేటు మారిన సందర్భంలో కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం సేవ అందించిన తేదీ, ఇన్‌వాయిస్ తేదీ, చెల్లింపు తేదీ మూడింటినీ చూసి ఏ రేటో తేల్చాలి. అందువల్ల ఈ మూడు తేదీలకూ మోడల్‌లో విడివిడిగా చోటు ఉంచండి.

జనరేటర్

జనరేటర్‌తో మొదలుపెట్టవద్దు. ముందు ఒక బిల్లుకు కావలసిన కోడ్‌ను చేత్తో, మీరు గర్వపడేంత శుభ్రంగా రాయండి. అది పనిచేశాక, అందులో నియమాన్ని బట్టి మారే భాగాలను గుర్తించి, ఆ చోట్లు ఖాళీగా ఉన్న నమూనాగా, అంటే టెంప్లేట్‌గా మార్చండి. టెంప్లేట్ సాధనం ఏదైనా ఫరవాలేదు. జనరేటర్ రాసిన ఫైళ్లు వేరే ఫోల్డరులో ఉండాలి, వాటిని ఎవరూ చేత్తో దిద్దకూడదు. నెలాఖరు సాయంత్రం బిల్లులు ఆగిపోయినప్పుడు "ఈ ఒక్కసారికి ఇక్కడే మార్చేద్దాం" అన్న కోరిక కలుగుతుంది. అలా మార్చిన క్షణం నుంచి మోడల్ అబద్ధం చెప్పడం మొదలవుతుంది. కాబట్టి ప్రోగ్రామును తయారుచేసే ప్రతిసారీ (ప్రతి బిల్డ్‌లోనూ) ఆ ఫోల్డరును చెరిపి కొత్తగా తయారుచేయించండి. చేత్తో రాయక తప్పని భాగాలను బయట ఉంచి, జనరేట్ అయిన కోడ్ వాటిని పిలిచేలా అమర్చండి. తెరల రూపకల్పనను మేము జనరేటర్‌కు అప్పగించలేదు. గుమాస్తాల చేతి అలవాట్లకు తగ్గట్టు వాటిని విడిగా రాయడమే మేలనిపించింది.

పాత బిల్లులతో సరిచూడడం

ఫాక్స్‌ప్రో సమాచారం దాచే పాత డీబీఎఫ్ ఫైళ్లలోని బిల్లుల సమాచారాన్ని తీసి, కొత్త ప్రోగ్రాముతో అవే బిల్లులు మళ్లీ వేయించండి. ఎంచుకున్న కాలంలో మార్చి నెల తప్పనిసరిగా ఉండాలి. తేడా వచ్చిన ప్రతి బిల్లుకూ కారణం రాయాలి. కొన్ని మన తప్పులై ఉంటాయి. కొన్ని పాత ప్రోగ్రాము తప్పులై ఉంటాయి, వాటిని దిద్దాలా వద్దా అన్నది మళ్లీ యజమాని మాటే. చాలా తేడాలు మాత్రం ఒక రూపాయివి. సీజీఎస్టీ 9 శాతాన్ని, రాష్ట్ర వాటా అయిన ఎస్‌జీఎస్టీ 9 శాతాన్ని విడివిడిగా దగ్గరి రూపాయికి సర్దినప్పుడు వచ్చే మొత్తం, 18 శాతాన్ని ఒకేసారి సర్దినప్పుడు వచ్చే మొత్తం అన్నిసార్లూ ఒకటే కానక్కరలేదు. చిన్న తేడాలేనని వదిలేయకుండా సర్దుబాటును కూడా ఒక నియమంగా మోడల్‌లో రాయండి.

ఆ తరువాత రెండు ప్రోగ్రాములనూ పక్కపక్కన నడుపుతూ, కొన్ని పార్టీలను మాత్రమే కొత్తదానికి మార్చి, రెండు నెలాఖరులు తేడా లేకుండా గడిచాక మిగిలినవారిని మార్చండి. రేటు మారిన ప్రతిసారీ మోడల్‌లో ఏ వరుస మారిందో ముద్రించి బిల్లులు చూసేవారి సంతకం తీసుకోవడం అలవాటు చేయండి. అందరూ కొత్తదానికి మారాక కూడా పాత కంప్యూటరును పారవేయవద్దు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. కనుక పాత బిల్లులన్నిటినీ పీడీఎఫ్‌లుగా మార్చి రెండు చోట్ల దాచి, డీబీఎఫ్ ఫైళ్లను చదవడానికి మాత్రమే వీలుండేలా ఉంచండి.