బీటిల్స్ గైడు పుస్తకంపై అభిమానుల మాటను తూచడం ఎలా?
బ్రిటన్ రాక్ బృందమైన బీటిల్స్‌పై గైడు పుస్తకం కొనే ముందు అభిమానులను “బాగుందా?” అని కాక, “ఏ పుటలో తప్పు దొరికింది?” అని అడగండి. మా నెల్లూరు మిత్రులలో ఒకరు ఆ పుస్తకాన్ని ఆకాశానికెత్తుతుండగా, మరొకరు పెన్సిలు గీతలతో నిండిన తమ ప్రతిని తెరిచి, 1966 నాటి ‘రివాల్వర్’ ఆల్బమ్‌లో 11 పాటలే ఉన్నాయని రాసిన చోటును వేలితో చూపించారు. నిజానికి బ్రిటన్ ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి. బృంద సభ్యుడు జాన్ లెనన్ పాడిన మూడు పాటలను అప్పటికే వేరే ఆల్బమ్‌లో విడుదల చేసినందువల్ల అమెరికా ప్రతిలో అవి లేవు. ఇటువంటి తేడాను పట్టుకున్నవారి అభిప్రాయానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. అట్ట, కాగితం గురించిన పొగడ్తలను వదిలేయవచ్చు. పాత అభిమానులు (నాతో సహా) కొత్త పుస్తకమంటేనే పెదవి విరుస్తారు కనుక, వారి విసుగులో సగం తీసివేసి, మోనో (ఒకే ధ్వని మార్గం), స్టీరియో (ఎడమ, కుడి రెండు మార్గాలు) మిక్సుల తేడాను పుస్తకం వివరించిందో లేదో మాత్రం వారినే అడగండి.