సముద్రపు రాతికట్ట: మరమ్మతు పాదం నుంచే

తుపాను వెళ్లిన మర్నాడు ఉప్పాడ బీచ్ రోడ్డు మీదకు టిప్పర్లు వరసకడతాయి. కోసుకుపోయిన చోట రాళ్లు ఒంపి వెళ్లిపోతాయి. మళ్లీ పెద్ద అలలు వచ్చేసరికి ఆ రాళ్లలో సగం కనపడవు. కాకినాడ తీరంలో ఏళ్ల తరబడి కట్టల మీద రాళ్లు పేర్పించిన సూపర్‌వైజర్‌గా నేను చెప్పేది ఒకటే. కట్ట పైనుంచి కూలదు, కింద నుంచి జారుతుంది. పైన ఎన్ని రాళ్లు పోసినా అది మరమ్మతు కాదు.

అల కట్టను కొట్టి వెనక్కి జారేటప్పుడు పాదం దగ్గర, అంటే కట్ట ఇసుకను తాకే అడుగు అంచున, ఇసుకను తవ్వుకుపోతుంది. పాదంలో ఒక రాయి దిగితే దాని మీది రాయి జారుతుంది, ఆ తర్వాత పై వరస. రెండో జబ్బు ఇంకా మోసకారిది. కట్ట దాటి పడిన నీరు వెనక మట్టిలోకి ఇంకి, రాళ్ల సందుల్లోంచి సముద్రంలోకి దిగుతూ ఇసుకను కూడా పట్టుకుపోతుంది. రోడ్డు మీద నుంచి చూస్తే కట్ట నిక్షేపంగా ఉంటుంది. లోపల మాత్రం డొల్ల.

అందుకే తనిఖీకి అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి తీసిన వేళ చూసుకుని కిందకు దిగాలి. పోర్టు వాళ్ల ఆటుపోట్ల పట్టిక చూస్తే సమయం తెలుస్తుంది. పాదం రాళ్లు ఇసుక పైకి ఎంత తేలాయో కొలవండి. పై వాలు మీద అక్కడక్కడా కొన్ని రాళ్లకు పసుపు పెయింటుతో నంబర్లు వేసి, ప్రతిసారీ ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. ఏ నంబరు పక్కకు తిరిగిందో, ఏది కిందకు దిగిందో ఫొటోయే చెబుతుంది. తర్వాత కట్ట వెనక్కి వెళ్లి గునపంతో పొడుస్తూ నడవండి. గట్టి నేలలో గునపం ఆగుతుంది, డొల్ల ఉన్న చోట జర్రున దిగిపోతుంది. గిన్నెంత గుంట కనిపించినా వదలకండి. దాని కింద మనిషి పట్టేంత ఖాళీ ఉండొచ్చు.

ఇక రాయి సంగతి. మన తూర్పు కనుమల కొండల్లో ఖోండలైట్ సులువుగా దొరుకుతుంది, కానీ ఎండకూ ఉప్పుకూ పొరలు విడిపోతుంది. చార్నొకైట్, గ్రానైట్ అయితే నిలుస్తాయి. సుత్తితో కొడితే ఖంగుమనాలి. డబ్‌మని చప్పుడొస్తే ఆ లోడు తిప్పి పంపండి, డ్రైవర్ ఎంత బతిమాలినా సరే. బరువు దగ్గర రాజీ పడొద్దు. అల ఎత్తు రెట్టింపయితే కావలసిన రాయి బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఒకటికి రెండు వాలున్న (మీటరు ఎత్తుకు రెండు మీటర్లు అడ్డంగా సాగే) కట్టకు మీటరు అలకైతే 170 కిలోల రాయి సరిపోతుంది, రెండు మీటర్ల అలకు సుమారు 1.3 టన్నులు కావాలి. ఇవి అంచనా లెక్కలే, డిజైన్ ఇంజినీర్‌ది. పాదం దగ్గర నీరు ఎంత లోతుంటే అందులో ముప్పావు వంతు ఎత్తు అల కట్టదాకా వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. ఇసుక కోసుకుపోయి లోతు పెరిగిందంటే, నిన్నటి రాయి ఇవాళ తేలికైపోయినట్టే.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు జారిన రాళ్లను తీసి పక్కన పెట్టించండి. వాటి మీదే కొత్తవి వేయడం మామూలుగా జరిగే తప్పు. అడుగున ఇసుకను ఆపి నీటిని పోనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ చిరిగి కనిపిస్తే కొత్త ముక్క పరిచి, పాతదాని మీదకు పొడి నేలలో అర మీటరు, నీళ్లలో మీటరు ఎక్కేలా చూడండి. గుడ్డను రోజుల తరబడి ఎండలో వదిలేస్తే పాడవుతుంది. దాని మీద నేరుగా పెద్ద రాయి పడితే చిరుగుతుంది. అందుకే మధ్యలో చిన్న రాళ్ల పొర ఉండాలి. ఆ రాయి బరువు పై రాయి బరువులో పదో వంతు ఉంటే సందుల్లోంచి జారిపోదు. పాదానికి కందకం తవ్వి, ముందు అక్కడ రాళ్లు దించి, ఆ తర్వాతే పైకి రావాలి. టిప్పర్‌తో ఒంపొద్దు. ప్రొక్లెయిన్‌తో (తవ్వే యంత్రం) ఒక్కొక్కటే పట్టుకుని, పొడవాటి వైపు కట్ట లోపలికి ఉండేలా పెట్టించాలి. పెట్టిన రాయి మీదకెక్కి నిలబడి ఊపి చూడండి. కదిలితే తీయించి మళ్లీ పెట్టించండి. ఆపరేటర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

కాంక్రీటు గోడ అయితే తుప్పు గోధుమ రంగు చారగా బయటకొస్తుంది. పైపైన సిమెంటు పూసి వదిలేస్తే ఆరు నెలల్లో ఊడుతుంది. సుత్తితో తడుతూ డొల్ల మోగిన మేరా చెక్కించి, లోపలి ఇనప ఊచ వెనక వేలు పట్టేంత ఖాళీ వచ్చేదాకా వెళ్లాలి. ఊచ తళతళలాడేలా రుద్ది, మంచినీళ్లతో కడిగి అప్పుడు పోయాలి. ఆటుపోట్లు తగిలే భాగానికి కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఊచను కప్పే కాంక్రీటు (కవర్) 75 మిల్లీమీటర్లు, కాంక్రీటు గ్రేడు ఎం40 ఉండాలి. బీచ్‌లో ఇసుక పుష్కలంగా ఉంది కదా అని అదే కలిపేవాళ్లున్నారు, దగ్గరుండి ఆపండి. గోడలో నీరు పోయే రంధ్రాలు చెత్తతో పూడిపోతే వెనక నిలిచిన నీరే గోడను ముందుకు నెడుతుంది. వర్షాలకు ముందు అవి తీయించడం అన్నిటికంటే చవకైన మరమ్మతు.

జియోట్యూబులకు, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలకు, కత్తి గాటు, గాలం, చెత్త మంట, ఎండ, అన్నీ శత్రువులే. చిన్న చిరుగు కనిపించిన రోజే మాసిక వేయాలి. ఇసుక కారిపోయి ట్యూబు చప్పబడ్డాక కుట్టి లాభం లేదు.

ఈ పనులన్నీ జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్ 15 లోపు ముగించండి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు పడవలన్నీ ఒడ్డుకెక్కుతాయి, ప్రొక్లెయిన్‌కు దారి ఉండదు. మే నెల తుపాన్లు కూడా ఉండనే ఉన్నాయి. పడవలు ఎక్కించే చోట్లను ముందే మత్స్యకారుల పెద్దలతో కూర్చుని తేల్చుకోండి. లేకపోతే రాళ్లు పేర్చాక వాళ్లే దారి కోసం తీసేస్తారు, తప్పు వాళ్లది కాదు.

ఇక కట్ట చివర్లు. నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక మన తీరం వెంట ఉత్తరానికి కదులుతుంది. కట్ట ఆగిన చోట, ముఖ్యంగా ఉత్తరం కొసన, అల పక్కవాళ్ల నేల కోసుకుని వెనక నుంచి చుట్టుముడుతుంది. కొసను నిటారుగా కోసి వదలకుండా భూమి వైపు వంచి, ఇసుకలోకి లోతుగా దించి ఆపండి. ఆ పక్క ఊళ్లో తీరం ఎంత తగ్గుతోందో కూడా పనితోపాటే కొలవడం మొదలుపెట్టండి. కట్టను కొత్తగా పొడిగించాలంటే సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) అనుమతి కావాలి, అప్పుడు ఆ కొలతలే అడుగుతారు.