దేవునితోని కొట్లాడే పాట ఎట్ల రాయాలె

అన్నా పాట ఎట్ల రాస్తవ్ అని మా దిక్కు పోరగాండ్లు మస్తుమంది అడుగుతుంటరు, అందరికీ ఒక్కసారే చెప్తున్న. మా బాపు సోమవారం భజనల హార్మోనియం వాయించేటోడు, నేను 19 ఏండ్లకు గుడి బంద్ చేసి డప్పు పట్టిన, దేవుడే లేడని బాపుతోని కొట్లాడిన. ఇప్పుడు మళ్ల భజనల కూసుంటున్న గని డప్పు మాత్రం ఇడువలే.

ముందుగాల బాణీ. కొత్త ట్యూన్ కోసం తిప్పలు పడకుండ్రి, మీ ఊరోళ్ల నోట్ల నానిన వరుస ఒకటి తీస్కోండ్రి, భజనదైనా బతుకమ్మదైనా. మన పాటల కవి సుద్దాల హనుమంతు గారు తెలంగాణ సాయుధ పోరాటం టైంల గట్లనే గొల్లసుద్దులు, బుర్రకథ, హరికథ తీస్కొని దొరల మీదికి తిప్పిండు. వరుస ముందే ఎరుకైతే జనం చెవి సీదా మాట మీదికే పోతది.

ఇగ అసలు పని, పాట ఎవరితోని మాట్లాడుతుందో తేల్చుకోవాలె. నా మొదటి పాట నిండ దోపిడి నశించాలె, నీళ్లు రావాలె గిసుంటియే. నాటుకాడ పాడితే ఒక్కలు గూడ వంత అందుకోలే, ఒక అవ్వ అన్నది, బిడ్డా గిది మీటింగుల చెప్పే ముచ్చట, పాట గాదు అని. మస్తు బాధైంది. ఆ యాడాది మా బోరు 700 ఫీట్లు ఏస్తే దుమ్ము లేచింది, చుక్క నీళ్లు లేవు. రాత్రి బాపు దగ్గర మొత్తుకుంటే, నాకెందుకు చెప్తవ్‌రా, పోయి ఆయననే అడుగు అని చెర్వుగట్టు దిక్కు చెయ్యి చూపెట్టిండు, నార్కట్‌పల్లి కాడ గట్టు మీదున్న జడల రామలింగేశ్వరుడు. అప్పుడు వచ్చింది గిది:

కొబ్బరికాయ కొట్టిన గాని బోరు గుంత తడవకపాయె
గట్టు మీది జడల శివయ్యా నీ జడల గంగ యాడికి పాయె

ముందు శివుడా అని రాసిన, బాపే శివయ్యా అని మార్చిండు, అయ్యా అంటే గుంపుల సాగదీసి పాడొచ్చు గదా. భద్రాచల రామదాసు గోల్కొండ జైల్ల ఉండి రాముణ్ణి నిలదీసిండంటే నమ్మిండు గాబట్టే, నమ్మనోని కోపంల గంత చనువు రాదు.

చరణాలల్ల పొగుడుడు తగ్గించి మనిషి చేసిన పని చెప్పాలె. పాలమూరు దిక్కు 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం మీద పండుగ సాయన్న కథ పాడుతరు, 2022ల పద్మశ్రీ వచ్చిన మొగిలయ్య గారిది ఇనుండ్రి. సాయన్న ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పంచిండని చెప్తే సాలు, గొప్పోడు అని వేరే చెప్పే పని లేదు.

ప్రాస గురించి పరేషాన్ గాకుండ్రి, డప్పు కొట్టుకుంట నడుస్తుంటే లైన్ ఒక్క ఊపిరిల అయిపోవాలె, కాకుంటే మాటలు కొట్టేయుండ్రి.

ఆఖరుకు ఫోన్‌ల రికార్డ్ చేస్కొని తెల్లారి ఇనుండ్రి, తర్వాత పని కాడికి తీస్కపోండ్రి. నేను మళ్ల అదే నాటుకాడికి పోయిన, రెండోసారి పల్లవి ఎత్తంగనే అవ్వ నారు కట్ట పక్కకు పెట్టి జడల శివయ్యా అని అందుకున్నది, ఎనుక ఎనిమిది మంది కలిసిండ్రు.