లంబసింగి చలికి ట్రెయిలర్: హీటర్ కొనే ముందు చేయాల్సిన పనులు

విశాఖలో డిసెంబరు రాత్రి కూడా ఫ్యాన్ వేసుకునే పడుకుంటాం. అందుకే ఇక్కడ ట్రెయిలర్ (కారు వెనక తగిలించుకుని వెళ్ళి, లోపల పడుకునే చక్రాల గది) కట్టించుకునే వాళ్ళందరూ ఎండ గురించి, ఏసీ గురించే ఆలోచిస్తారు. చలి సంగతి నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక గానీ గుర్తురాదు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 5 డిగ్రీల లోపుకు పడిపోయే రోజులూ అక్కడ ఉంటాయి. అరకు, పాడేరు, వంజంగి వైపు వెళ్ళినా ఇవే ఏర్పాట్లు పనికొస్తాయి.

నేను కోల్డ్ స్టోరేజీలు కట్టే పనిలో ఉన్నాను. రొయ్యల ప్లాంట్లలో పఫ్ (వేడిని ఆపే గట్టి పాలీయురేథేన్ నురుగు) ప్యానెళ్ళు బిగించి, బయటి వేడి లోపలికి దూరకుండా చూడటం నా ఉద్యోగం. కొండ మీద ట్రెయిలర్‌కి కావాల్సిందీ అదే పని, కాకపోతే తిరగేసి. ట్రెయిలర్ ఉన్నవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఏ హీటర్ కొనాలి గురూ?" అని. హీటర్ చివర్లో. ముందు లెక్క చూద్దాం.

నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న ట్రెయిలర్ అనుకోండి. గోడలు, పైకప్పు, నేల అన్నీ కలిపితే 40 చదరపు మీటర్లు. బయట 5 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు కావాలి, అంటే తేడా 15. ఉత్త రేకు గోడలైతే ఆ తేడా నిలబెట్టడానికి సుమారు 3300 వాట్లు పోస్తూనే ఉండాలి. అదే గోడలకి 25 మిల్లీమీటర్ల పఫ్ పెడితే 450, 500 వాట్ల దగ్గర ఆగుతుంది. అద్దాల నుంచి పోయేది ఇంకో 150 వేసుకోండి, గాలి మార్పిడికి కొంత వేసుకోండి. లోపల పడుకున్న ఇద్దరు మనుషుల ఒంటి వేడే దాదాపు 150 వాట్లు ఉంటుంది, అది మనకి లాభం. అంటే రేకు డబ్బాకి పెద్ద హీటర్ కొన్నా చాలదు, సరిగ్గా కప్పిన దానికి చిన్నది చాలు. ఖర్చు ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

కొత్తగా కట్టిస్తుంటే మాత్రం పఫ్ ప్యానెలే అడగండి. థర్మోకోల్ చవకే, కానీ 25 మిల్లీమీటర్ల పఫ్ చేసే పనికి థర్మోకోల్ 40 మిల్లీమీటర్ల దాకా కావాలి. చిన్న ట్రెయిలర్లో ఆ మందం మంచం పొడవులోంచే పోతుంది. ఇప్పటికే ఉన్న ట్రెయిలర్ అయితే లోపలి ప్లైవుడ్ విప్పి, ఏసీ డక్టులకి చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు రేకుకి గాలి బుడగ లేకుండా అంటించండి. గాజువాక ఆటోనగర్ వైపు బాడీ బిల్డింగ్ షెడ్లలో గ్లాస్ వూల్ (దూదిలాంటి గాజు పీచు) పెడతామంటారు, వద్దనండి. అది ఒకసారి తడిసిందంటే గోడ లోపల ఎప్పటికీ ఆరదు. వేడి వైపు నుంచి చల్లటి వైపుకు ఆవిరి పోతూనే ఉంటుంది. మా కోల్డ్ స్టోరేజీలో అది బయటి నుంచి లోపలికి పోతుంది, లంబసింగిలో నిద్రపోతున్న ట్రెయిలర్లో లోపలి నుంచి బయటికి పోతుంది, మే నెలలో ఏసీ వేసుకుని భీమిలి బీచ్‌లో ఆపితే మళ్ళీ దిశ మారుతుంది. మన బండికి రెండూ తప్పవు. అందుకే ఎటు నుంచీ ఆవిరి దూరని నైట్రైల్, పఫ్ లాంటివే మనకి సరైనవి. జాయింట్ల మీద అల్యూమినియం టేపు వేసి, గోరుతో గట్టిగా రుద్దండి. టేపు మెరుపు కింద చిన్న ముడత కనిపించినా అది ఆవిరికి దారే.

ఇనుప ఫ్రేమ్ సంగతి చాలామంది మర్చిపోతారు. పలకల మధ్య ఎంత మందం పఫ్ పెట్టినా, ఫ్రేమ్ పైపు బయటి రేకునీ లోపలి ప్లైనీ కలుపుతూ ఉంటే చలి ఆ పైపు మీదుగా వచ్చేస్తుంది. పొద్దున్న లేచి గోడ చూస్తే నిలువుగా తడి గీతలు కనిపిస్తాయి, అవే పైపులు. వాటి మీద కనీసం 6 మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ వేసి ఆపైన ప్లై బిగించాలి.

నేల మాటకొస్తే, ఇంటికి నేల కింద మట్టి ఉంటుంది. ట్రెయిలర్‌కి కింద గాలి ఆడుతుంది. పిల్లలు ఆడుకునే పజిల్ మ్యాట్లు పరిచి, పైన ఓ జంపఖానా వేస్తే పాదాలకి తేడా వెంటనే తెలుస్తుంది. ఆపిన చోట చుట్టూ టార్పాలిన్ పరదా కట్టి, అంచు మీద రాళ్ళు పెడితే కింద గాలి విసురు తగ్గుతుంది.

అద్దాలకి, కారు ముందు అద్దానికి పెట్టే వెండి రంగు సన్‌షేడ్లు కిటికీ సైజుకి కోసి బిగుతుగా ఇరికించండి. పూర్ణా మార్కెట్లో దొరికే మందపాటి పరదా గుడ్డ ఒకటి తలుపు వెనక వేలాడదీయండి, తలుపు తీసిన ప్రతిసారీ గది మొత్తం ఖాళీ అయిపోకుండా ఆపుతుంది.

లీకులు వెతకడానికి మేం పెద్ద పెద్ద మీటర్లు వాడతాం, మీకు అగరుబత్తి చాలు. గాలి ఉన్న రోజు కిటికీలన్నీ మూసి, వెలిగించిన అగరుబత్తిని తలుపు బీడింగ్ (అంచున ఉండే రబ్బరు పట్టీ) చుట్టూ మెల్లగా తిప్పండి. పొగ నిలువుగా లేస్తుంటే ఫర్వాలేదు. ఒక్కసారిగా పక్కకి వంగిందంటే అక్కడ సందు ఉంది. వైర్లు, నీళ్ళ పైపు నేలలోకి దిగే కన్నాలు, సింకు వెనక మూల, ఇవి ముందు చూడండి. తలుపు బీడింగ్ గట్టిపడి ఉంటే ఆటోనగర్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, మార్చేయండి.

ఇన్ని సందులు మూశాక, కావాలని రెండు కన్నాలు తెరిచి ఉంచాలి. మా ఆవిడకి ఇది అస్సలు మింగుడు పడదు. "మూయడానికి ఇన్ని రోజులు పట్టింది, మళ్ళీ కన్నం దేనికండీ?" అంటుంది. దేనికంటే, ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరి, చెమట కలిపితే అర లీటరు నీళ్ళకి తక్కువ ఉండదు. లోపల 20 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం ఉంటే, 14 డిగ్రీల కంటే చల్లగా ఉన్న అద్దం మీదా రేకు మీదా నీళ్ళు పట్టేస్తాయి. ఆ నీళ్ళు పరుపులోకి దిగితే రెండో రాత్రి హీటర్ ఉన్నా వణుకుతారు. పైకప్పులో ఒక వెంట్, దానికి ఎదురు మూల నేల దగ్గర ఒక వెంట్, పిడికిలంత దారి చాలు, రాత్రంతా తెరిచే ఉండాలి. పరుపు కింద కొబ్బరి పీచు చాప వేస్తే అడుగున గాలి ఆడుతుంది. తడి తువ్వాళ్ళు లోపల ఆరేయకండి. పొద్దున్నే అద్దాలు గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ బయట పిండండి.

గ్యాస్ స్టవ్ వెలిగించి గది వేడి చేసుకోవచ్చు కదా అంటారు. ఒక కిలో ఎల్‌పీజీ మండితే కిలోన్నర పైచిలుకు నీటి ఆవిరి పుడుతుంది. అంటే వేడితో పాటు గోడల మీద వాన. గాలి చాలక సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా. స్టవ్ వంటకే, అదీ వెంట్ తెరిచి. సిలిండర్ పెట్టే పెట్టె తలుపు బయటికి మాత్రమే తెరుచుకోవాలి, అడుగున కన్నం ఉండాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది.

మా అత్తగారు ఒకసారి మాతో వచ్చినప్పుడు, "ఓ కుంపటి లోపల పెట్టేస్తే సరిపోద్ది కదా బాబూ, ఇంత తతంగం దేనికి?" అన్నారు. పల్లెలో పెంకుటిల్లు, పైన సందులు, ఆవిడకి అలవాటు. ట్రెయిలర్లో కుంపటి అంటే చావే. బొగ్గులు మంట లేకుండా ఎర్రగా ఉన్నప్పుడు కూడా మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాడికి అవీ తెలియవు. చలిమంట వేసుకుంటే బయట, దూరంగా, లోపలికి నిప్పు తేకుండా. పక్కన ఎవరైనా ఇంజన్ గానీ జనరేటర్ గానీ ఆన్‌లో పెట్టి పడుకుంటే మొహమాటపడకుండా వెళ్ళి చెప్పండి, లేదా మీ బండి జరపండి. మోనాక్సైడ్ అలారం ఒకటి కొని మంచం ఎత్తులో గోడకి పెట్టండి. హీటర్ లేకపోయినా ఇది ఉండాల్సిందే.

ఇప్పుడు హీటర్. 100 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది 1200 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ అయితే అందులో సగమే వాడుకోవాలి. 1000 వాట్ల రూమ్ హీటర్ పెడితే అరగంటకి అయిపోతుంది. కరెంటు ఇచ్చే రిసార్టులో ఆపితే తప్ప దాని జోలికి పోకండి. అదే 12 వోల్టుల దుప్పటి 45 వాట్లు లాగుతుంది, ఎనిమిది గంటలకి 360 వాట్-అవర్లు. గదిని కాకుండా మనిషిని వేడి చేయడం ఎప్పుడూ చవక. అంతకంటే చవక రబ్బరు వేడినీళ్ళ బ్యాగు. 2 లీటర్ల నీళ్ళు 70 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకి చల్లారేలోపు 90 వాట్-అవర్ల వేడి మన దుప్పట్లోనే వదులుతాయి. మరిగే నీళ్ళు పోయకండి, గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోండి.

తరచూ కొండ ఎక్కేవాళ్ళు, పిల్లలతో వెళ్ళేవాళ్ళు డీజిల్ ఎయిర్ హీటర్ పెట్టించుకోవచ్చు. 2 కిలోవాట్లది చాలు. మండే గాలి బయటి నుంచి తీసుకుని పొగని బయటికే వదులుతుంది, గదిలోకి పొడి వేడి గాలి మాత్రమే వస్తుంది. పొగ గొట్టం తలుపు కిందకో నేల వెంట్ దగ్గరికో తిరగకుండా చూడండి, టార్పాలిన్ పరదా లోపల అసలు వదలకూడదు. మొదలయ్యేటప్పుడు డీజిల్‌ని అంటించే గ్లో ప్లగ్ గట్టిగా కరెంటు లాగుతుంది కాబట్టి బ్యాటరీ నీరసంగా ఉంటే తెల్లవారుజామున అంటుకోదు. సాయంత్రమే వేసి చిన్న మంట మీద నడవనివ్వడం మేలు. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్ళు దాన్ని గది లోపలే పెట్టుకోండి, సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు.

ఎక్కడ ఆపారన్నదీ ముఖ్యమే. చల్లగాలి బరువు, రాత్రి వాలు మీదుగా జారి పల్లంలో చేరుతుంది. తాజంగి రిజర్వాయర్ ఒడ్డు ఫొటోలకి బాగుంటుంది గానీ నిద్రకి దానికంటే కొంచెం ఎత్తున్న చోటు వెతకండి. మరీ శిఖరం మీద అయితే గాలి కొడుతుంది. వాలులో సమంగా ఉన్న జాగా, గాలికి అడ్డంగా ఓ గట్టు, పెద్ద కిటికీ తూర్పుకి. చక్రాల కింద రాళ్ళు పెట్టడం మరవకండి. సంక్రాంతి సెలవుల్లో చెరువులవేనం వైపు కార్లు కిక్కిరిసిపోతాయి, అప్పుడు ఈ సలహాలన్నీ కాగితం మీదే, దొరికిన జాగాలో ఆపుకోవాలి.

దిగి వచ్చాక పని ఇంకా ఉంది. కొండ మీద చల్లబడ్డ గోడలకి విశాఖ ఉప్పుగాలి తగిలితే అల్మారాల లోపల కూడా చెమ్మ పడుతుంది. మధ్యాహ్నం ఎండలో తలుపులు, అల్మారాలు అన్నీ తెరిచి, పరుపు నిలబెట్టి, జంపఖానా కింద మ్యాట్లు విడదీసి ఆరేయండి. ప్లైవుడ్ మూలల్లో నల్ల చుక్కలు కనిపిస్తే అది బూజు. వెనిగర్ గుడ్డతో తుడిచి, ఆ మూలకి ఆవిరి ఏ దారిన చేరుతోందో చూసి టేపు మళ్ళీ వేయండి.