గెస్ట్‌హౌస్ గదిలో డ్రైనేజీ వాసన: ఎక్కడి నుంచి వస్తోంది, ఎలా ఆపాలి

గదిలో ఏదో వాసన వస్తోందని గెస్ట్ మెసేజ్ పెట్టగానే మన ఓనర్లు చేసే మొదటి పని ఏసీ సర్వీసుకు ఫోన్ కొట్టడం. రెండో పని రూమ్ ఫ్రెషనర్ కొనడం. బాత్రూమ్ జాలీలో ఒక మగ్గు నీళ్లు పోసి చూద్దామని మాత్రం ఎవరికీ తట్టదు. బాలీలో ఉబుద్ చుట్టుపక్కల నాలుగు గదులో ఆరు గదులో లీజుకు తీసుకుని నడుపుకుంటున్న మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది అదే. "నీళ్లు పోసి చూశావా తమ్ముడూ?" పోసి ఉండడు. ఏసీ మాత్రం అప్పటికే కడిగించేసి ఉంటాడు.

ఉబుద్ వైపు చాలా ఇళ్లకు ఊరి డ్రైనేజీ లైను లేదు. ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్ల ఆవరణలోనే, తరచుగా తోటలో రాళ్ల దారి కిందే ఉంటుంది. కాబట్టి ఇక్కడ వాసన సంగతి మన చేతుల్లోనే ఉంది, కంప్లయింట్ ఇవ్వడానికి మున్సిపాలిటీ ఏమీ లేదు.

ముందు ముక్కుతో పని

గదిలో పది నిమిషాలు కూర్చుని "నాకేం రావట్లేదే" అనకండి. డ్రైనేజీ గ్యాసుకు ముక్కు చాలా త్వరగా అలవాటు పడిపోతుంది. రోజూ గదులు తుడిచే స్టాఫ్‌కి ఎందుకు తెలియదంటే ఇదే కారణం. కాసేపు బయట తిరిగి, తలుపు తీసిన వెంటనే వచ్చే మొదటి శ్వాసను నమ్మండి. తర్వాత వంగి మూడు చోట్ల వాసన చూడండి: బాత్రూమ్ జాలీ దగ్గర, కమోడ్ అడుగు నేలను తాకే చోట, మంచం మీద నిలబడి ఏసీ ఇండోర్ యూనిట్ దగ్గర. ఓనర్లకు ఇది నామోషీగా అనిపిస్తుంది. రెండు చుక్కల రివ్యూ కన్నా నయమే.

గెస్ట్‌ని అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటే: ఎప్పుడు వస్తోంది? పొద్దున్నా, ఫ్లష్ కొట్టాకా, వాన పడ్డాకా, ఏసీ వేయగానేనా? వాసన ఎలా ఉందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. ఎప్పుడని అడిగితే సరిగ్గా చెబుతారు.

కొన్నాళ్లు ఖాళీగా ఉన్న గదిలో, తలుపు తీయగానే కుళ్లు కంపు

జాలీ కింద నిలిచే నీళ్లు ఎండిపోయాయి. అంతే. డ్రైనేజీ గాలి గదిలోకి రాకుండా ఆపేది ఆ కాసిన్ని నీళ్లే. మన దగ్గర వాడే లోతైన నానీ ట్రాప్‌లో, అంటే జాలీ కింద నీళ్లు నిలిపి వాసనను ఆపే గిన్నెలో, రెండంగుళాల నీళ్లు నిలుస్తాయి. ఇక్కడ ఎక్కువగా వేసేది జాలీ కింద బోర్లించిన కప్పు ఉండే చవక రకం. అందులో అంగుళం కూడా నిలవదు. పైగా జుట్టు అడ్డం పడి నీళ్లు నెమ్మదిగా పోతున్నాయని క్లీనింగ్ చేసేవాళ్లు ఆ కప్పును తీసి గోడ పక్కన పెట్టేస్తారు. నీళ్లు జామ్మని పోతాయి, స్నానాల గది తొందరగా ఆరుతుంది, అందరికీ సంతోషం. ఆ క్షణం నుంచి ఆ గదికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య ఏమీ లేదు.

జాలీ ఎత్తి చూడండి. కప్పు లేకపోతే వెతికి పెట్టించండి, పగిలితే కొత్తది కొనండి. కప్పు ఉంటే ఒక మగ్గు నీళ్లు పోయండి, వాష్ బేసిన్‌లో అరనిమిషం కుళాయి వదలండి, ఫ్లష్ ఒకసారి కొట్టండి. గంట తర్వాత వాసన లేకపోతే మీ పని అయిపోయింది, మిగతాది చదవక్కర్లేదు.

జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా గదులు ఖాళీ పడతాయి కదా, ఆ రోజుల్లో ఖాళీ గదులన్నింటిలో వారానికి ఒకసారి నీళ్లు పోసే పని ఒకరికి అప్పగించండి. నెలల తరబడి మూసే గది అయితే నీళ్ల మీద రెండు చెంచాల బేబీ ఆయిల్ వేస్తే త్వరగా ఆవిరి కావు. వంటనూనె వద్దు, అదే కంపు కొడుతుంది. జాలీ మీద తెల్ల నాఫ్తలీన్ ఉండలు పెట్టే అలవాటు ఇక్కడ ఉంది. దాంతో రెండు వాసనలు కలిపి వస్తాయి.

ఏసీ వేయగానే వచ్చి, గంటలో మాయమయ్యే వాసన

నీళ్లు పోసినా వాసన వస్తుంటే, అది కూడా సాయంత్రం గెస్ట్ ఏసీ ఆన్ చేసిన మొదటి పావుగంటలోనే వస్తుంటే, ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. ఇది నా చేత చాలా డబ్బు ఖర్చు పెట్టించిన వాసన. మంచి మేస్త్రీలను కూడా తిప్పలు పెడుతుంది.

ఏసీ లోపల చేరే నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఎప్పుడైనా చూశారా? ఈ తేమలో, 1 పీకే (ఇక్కడ హార్స్‌పవర్‌ని అలా అంటారు) ఏసీ కూడా గంటకు లీటరు దాకా నీళ్లు కారుస్తుంది. ఆ సన్నని పైపును బయట గోడ మీద వేలాడదీస్తే అందంగా ఉండదని కట్టేటప్పుడు గోడలోనే కలిపేస్తారు. గోడలో ఉన్న పీవీసీ పైపు నేరుగా బాత్రూమ్ డ్రైనేజీ లైనులోకి, అక్కడి నుంచి సెప్టిక్ ట్యాంకుకి. మధ్యలో ట్రాప్ ఉండదు. పైకి చూస్తే గోడ నున్నగా, పైపు కనబడకుండా, చాలా నీటుగా ఉంటుంది. ఆ నీటు పని వల్లే ఈ తంటా అంతా.

ఏసీ ఫ్యాన్ తిరిగినప్పుడు ఇండోర్ యూనిట్ గాలిని లోపలికి లాగుతుంది. నీళ్లు పడే ట్రే దానికి ఆనుకునే ఉంటుంది. పైపు ఖాళీగా ఉంటే ఆ పైపు గుండా సెప్టిక్ గాలి పైకి వచ్చి, చల్లగాలితో పాటు సరిగ్గా మంచం మీదకు దిగుతుంది. కాసేపటికి ఏసీ నీళ్లు కారడం మొదలుపెడుతుంది. గోడలో పైపు ఎక్కడో ఒకచోట కొంచెం కిందికి జారి ఉంటుంది కదా, ఆ పల్లంలో నీళ్లు నిలిచి దారి మూసుకుపోతుంది. వాసన ఆగిపోతుంది. గెస్ట్ ఫోన్ చేసి, మీరు స్కూటర్ వేసుకుని వచ్చేసరికి గదిలో ఏమీ ఉండదు. గెస్ట్ అబద్ధం చెబుతున్నాడని మీరు, మీరు నాటకాలు ఆడుతున్నారని గెస్ట్.

అసలు మోసం ఇంకా ముందుంది. మీరు ఏసీ కడిగిస్తారు. ప్రెషర్ పంపుతో కడిగిన నీళ్లన్నీ ఆ పైపులోంచే పోతాయి, పల్లం నిండుతుంది, వాసన పోతుంది. "చూశారా సార్, ఫంగస్ ఉండింది" అంటాడు సర్వీసు కుర్రాడు. అతను అబద్ధం చెప్పలేదు, నల్లటి మురికి నిజంగానే వచ్చింది. గదిలో మనుషులు ఉండి రోజూ ఏసీ నడిచినంత కాలం బాగానే ఉంటుంది. నాలుగైదు రోజులు గది ఖాళీ పడితే పల్లం ఎండి మళ్లీ మొదటికి. మీరు మళ్లీ కడిగిస్తారు. ఒకాయన ఇలాగే కడిగించి కడిగించి, చివరికి ఏసీనే మార్పించాడు. కొత్త ఏసీని తీసుకెళ్లి అదే పైపుకి తగిలించారు.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. గది రెండు మూడు రోజులు ఖాళీగా ఉన్నప్పుడు చేయండి, గెస్ట్ వెళ్లిన రోజు చేస్తే పల్లంలో నీళ్లుండి ఏమీ తెలియదు. తలుపులు, కిటికీలు మూసి, ఏసీని కూలింగ్‌లో కాకుండా ఫ్యాన్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు నీళ్లు చేరవు, దారి తెరిచే ఉంటుంది. పావుగంట బయట ఉండి లోపలికి రండి. వాసన వస్తే ఇండోర్ యూనిట్ డ్రెయిన్ పైపును గోడ పైపు నుంచి ఊడదీసి, గోడ రంధ్రంలో తడిగుడ్డ కుక్కి, తలుపులు తెరిచి గాలి మార్చి, మళ్లీ అదే చేయండి. రెండోసారి రాకపోతే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత కూలింగ్‌లో నడిపితే మాత్రం పైపు కింద బకెట్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే పరుపు తడుస్తుంది.

రిపేరులో ఒకటే నియమం: ఏసీ నీళ్లు డ్రైనేజీని తాకకూడదు. అన్నింటికన్నా మేలైనది, పైపును వేరుగా బయటికి తీసి తోటలో కంకర మీద వదలడం. అక్కడ నీళ్లు నిలవకుండా ఇంకిపోవాలి. నిలిస్తే దోమలు, ఇక్కడ డెంగీ మామూలే. బయటికి తీసే వీలు లేకపోతే బాత్రూమ్‌లోకి తెచ్చి, పైపు చివర జాలీకి రెండంగుళాలు పైన ఆగేలా వదలండి. జాలీ లోపలికి దూర్చొద్దు. నీళ్లు గాల్లోంచి కింద పడాలి, మధ్యలో ఖాళీ ఉండాలి. ఇందులో ఇంకో లాభం, ఏసీ నడిచినంతసేపూ ఆ జాలీలో నీళ్లు నిండుతూనే ఉంటాయి. పైపు పొడవునా వాలు ఉండాలి, లేకపోతే వెనక్కి తన్ని ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదకు కారుతుంది.

"మధ్యలో యూ-బెండు వేస్తాను, సరిపోతుంది" అంటాడు మేస్త్రీ. సరిపోదు. ఏసీ ఆగిన నాలుగు రోజులకు ఆ బెండు కూడా ఎండుతుంది. ఇప్పటిదాకా మీ గోడలో ఉన్న పల్లం చేస్తున్నది కూడా అదే పని.

గోడ పగలగొట్టాల్సి వస్తే ముందు స్థలం ఓనరుతో మాట్లాడండి. విదేశీయులకు ఇక్కడ భూమి మీద హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, రాదు. మనమంతా లీజు మీద ఉన్నవాళ్లమే. ఎంత పాత లీజైనా చెప్పకుండా సుత్తి ఎత్తితే మాట వస్తుంది. గోడ పగలగొట్టకుండానే అయ్యే పని అయితే పాత రంధ్రాన్ని క్యాప్‌తో గట్టిగా మూసేసి, కొత్త పైపును గోడ మీదుగా తీయండి. అందం కొంచెం తగ్గుతుంది. పైపుకు గోడ రంగే వేయండి.

ఒక మాట. పండగ ముందు వారం పని పెట్టుకోవద్దు. బాలీ హిందువుల పెద్ద పండగ గలుంగన్ 210 రోజులకోసారి వస్తుంది, ఆ రోజుల్లో తుకాంగ్‌లు, అంటే మేస్త్రీలు, ఎవరూ దొరకరు, దొరకాలని కోరుకోవడం కూడా తప్పే. ఇక న్యెపీ, అంటే బాలీవాళ్ల మౌన దినం, రోజు విమానాశ్రయం సహా మొత్తం ద్వీపం మూతపడుతుంది, గెస్టులు మీ ఆవరణ దాటకూడదు. మన ఉగాది దగ్గర్లోనే వస్తుంది తరచుగా. 2025లో మార్చి 29న న్యెపీ, 30న ఉగాది. వాసన వచ్చే గదిలో ఒక జంటను రోజంతా కూర్చోబెట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే వాసన తగ్గాల్సింది పోయి పెరుగుతోంది

ఏసీ చల్లదనం పోకూడదని తలుపుల సందులన్నీ రబ్బరుతో మూసేశారు. ఫ్యాన్ బయటికి తోసిన గాలికి బదులు గాలి ఎక్కడో నుంచి రావాలి కదా, జాలీలోంచి లాగుతుంది. టిష్యూ కాగితం చీల్చి జాలీ మీద పట్టుకోండి, గదిలోకి ఎగిరితే ఇదే కారణం. అగరుబత్తితో చూడొద్దు, డ్రైనేజీ గాలిలో మంట అంటుకునే గ్యాసు ఉంటుంది. బాత్రూమ్ తలుపు అడుగున అరంగుళం కోయించండి, లేదా గాలి వచ్చే జాలీ పెట్టించండి.

ఫ్లష్ కొట్టగానే జాలీ గుడగుడలాడుతుంది

డ్రైనేజీ లైనుకు పైనుంచి గాలి ఆడేలా వేసే వెంట్ పైపు లేదు, లేదా మూసుకుపోయింది. ఫ్లష్ నీళ్లు పోతూ పోతూ జాలీలోని నీళ్లను కూడా పీల్చుకుపోతాయి. పైకెక్కి చూస్తే పైపు మూతిలో ఆకులో పిచ్చుక గూడో ఉంటుంది. పైపు అసలే లేకపోతే వేయించాలి. పైఅంతస్తు కిటికీ పక్కన వదిలి రెండో గదికి ఈ వాసన బదిలీ చేయకండి, ఇంటి పైకప్పు దాటి పైకి తీయండి. అన్ని గదుల్లోనూ ఒకేసారి గుడగుడ మొదలై, వాన పడ్డాక ఎక్కువైతే మాత్రం ట్యాంకు నిండినట్టే, సెడొట్ లారీని, అంటే ట్యాంకు తోడే లారీని, పిలవండి.

డ్రైనేజీ కాదు, ముక్కవాసన

ఇది వేరే జాతి. బీరువా వెనక, దిండ్లలో, ఏసీ బ్లోయర్‌లో బూజు. ఇక్కడ ఏసీ కడిగించడం నిజంగా పనిచేస్తుంది. బీరువాను గోడకు రెండంగుళాలు ఎడంగా జరపండి. ఖాళీ గదిలో రోజూ కాసేపు డ్రై మోడ్ నడపండి. తేమ కొలిచే చిన్న మీటరు కొని గదిలో పెట్టి, 60 శాతం దాటకుండా చూసుకోండి. గెస్ట్ 16 డిగ్రీలు పెట్టి బాల్కనీ తలుపు తెరిచి కూర్చుంటే దేవుడు కూడా ఏమీ చేయలేడు.

అరుదుగా వచ్చేవి

వేడినీళ్లలో మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన: గీజర్ లోపలి మెగ్నీషియం రాడ్డుకూ, నీళ్లలోని బ్యాక్టీరియాకూ పొత్తు. ట్యాంకు ఖాళీ చేసి కడిగి, రాడ్డు మార్పించండి. కమోడ్ కదులుతుంటే అడుగున సీలు పోయింది, చుట్టూ తెల్ల సిమెంటు పూస్తే సరిపోదు, కమోడ్ ఎత్తి కొత్త సీలు వేయించాలి. ఫాల్స్ సీలింగ్‌లో చచ్చిన బల్లి లేదా ఎలుక అయితే అదే కొన్నాళ్లకు ఎండిపోతుంది, ఓపిక లేకపోతే సీలింగ్ విప్పించండి.

ప్లగ్ దగ్గర చేపల వాసన లాంటిది వస్తుంటే ప్లాస్టిక్ వేడెక్కి మాడుతోందని అర్థం. ఆ గది బ్రేకర్ వెంటనే ఆపేసి, గెస్ట్‌ని వేరే గదికి మార్చి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. జాలీలో నీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.