పరాయి పసిపిల్లలు మా సామాన్లు లాగుతుంటే నాకు పనిచేసిన పద్ధతి

పార్కులో మా పాప స్ట్రాలర్ పక్కన పెట్టుకుని కూర్చుంటే చాలు, ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు ఎవరో ఒకరు వచ్చి దాన్ని తోసేవారు, బ్యాగు జిప్పు లాగేవారు. పెద్దవాళ్లు కనిపించేవారు కాదు. బ్యాగులో మందులు, చిల్లర ఉండేవి, ఆ బిడ్డ నోట్లో పెట్టుకుంటే? నా టెన్షన్ అంతా అదే.

"వద్దు" అని గట్టిగా చెప్పాను, చోటు మార్చాను, సామాన్ల మీద దుప్పటి కప్పాను. లాభం లేదు.

చివరికి ఇలా చేశాను. ముందు స్ట్రాలర్ బ్రేకు వేసి బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాను. తర్వాత నేల మీద కూర్చున్నాను, మా దగ్గరికి వచ్చిన బాబు కళ్లూ నా కళ్లూ ఒకే ఎత్తులో ఉండేలా. "ఇది పాపది నాన్నా. అదిగో బంతి చూడు" అని వేలు పెట్టి చూపించాను. అంత చిన్నవాళ్లకి వద్దనడం కంటే ఏం చేయాలో చూపించడమే త్వరగా అర్థమవుతుంది. వెంటనే, నవ్వుతూనే, చుట్టూ వినిపించేంత గొంతుతో "మీ అమ్మ ఎక్కడమ్మా?" అన్నాను. అసలు పని చేసింది ఆ మాటే. వాళ్లమ్మ పరుగున వచ్చింది, నేను నిందించలేదు కాబట్టి గొడవ కాలేదు.

బిడ్డని ఎత్తుకోలేదు, చెయ్యి పట్టి లాగలేదు, తినడానికి ఏమీ ఇవ్వలేదు. ఏ పదార్థం పడదో మనకి తెలియదు కదా. పెద్దవాళ్లు వచ్చేదాకా మాత్రం అక్కడే ఉన్నాను.

ఇప్పటికి ఐదారుసార్లు కుదిరింది. ఇద్దరు పిల్లలు ఒకేసారి వచ్చినప్పుడు మాత్రం కుదరలేదు, సామాన్లు సర్దుకుని లేచిపోయాను. నాలుగేళ్లు దాటినవాళ్లతో ఎలా ఉంటుందో నేను ప్రయత్నించలేదు.