పాత ఆంప్లిఫయర్‌కి స్క్రూలు ఎక్కడ దొరికాయంటే (నా అనుభవం)

తొంభైల నాటి అమెరికన్ కారు ఆంప్లిఫయర్ ఒకటి నా చేతికొచ్చింది. బోర్డు బాగుచేశాను. అడుగు రేకుకి ఎనిమిది స్క్రూలు ఉండాల్సింది, మూడే మిగిలాయి, అవీ తుప్పుపట్టి.

డబ్బాలో ఉన్న ఎం3 (3 మి.మీ. మందం ఉండే మెట్రిక్ స్క్రూ) పెడితే వదులుగా తిరిగింది. ఎం4 అసలు దూరలేదు. ఎం3.5 మాత్రం రెండు చుట్లు హాయిగా తిరిగి, మూడో చుట్టుకి బిగుసుకుపోయింది. వెంటనే ఆపేశాను. ఇంకాస్త బలవంతం చేస్తే హీట్‌సింక్‌లో (వేడిని బయటికి పంపే అల్యూమినియం దిమ్మ) మరలు, అంటే స్క్రూ పట్టే గాట్లు, చెరిగిపోయేవి, అల్యూమినియం మెత్తన కదా.

పాత స్క్రూని కాలిపర్‌తో కొలిచాను. మందం 3.5 మి.మీ. దగ్గరే, కానీ మరకీ మరకీ ఎడం 0.8 మి.మీ. ఎం3.5కి అది 0.6. అంటే ఇది అంగుళాల లెక్క: 6-32, అంటే 6 మందం నంబరు, 32 అంగుళానికి ఎన్ని మరలో.

హార్డ్‌వేర్ కొట్లలో ఎవరి దగ్గరా లేదు. చివరికి కంప్యూటర్ రిపేరు షాపులో దొరికింది! డెస్క్‌టాప్‌లో 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్ బిగించేది ఈ స్క్రూనే. "గుప్పెడు తీసుకెళ్లన్నా" అని ఊరికే ఇచ్చాడా తమ్ముడు. డీవీడీ డ్రైవువి మాత్రం తీసుకోకండి, అవి ఎం3.

పొడవు తప్పకుండా పాతదానితో పోల్చి చూడండి. రెండు మి.మీ. ఎక్కువైనా మొన వెళ్లి బోర్డుకి తగిలి షార్ట్ అవ్వచ్చు. డిక్కీలో తేమ ఉంటుంది కాబట్టి, ఉక్కు స్క్రూ అల్యూమినియంలో పట్టేయకుండా మరలకి కాస్త యాంటీసీజ్ పేస్టు రాశాను. ఎనిమిదీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా బిగించాను. రేకు ఇప్పుడు కదలట్లేదు.